నడుము నొప్పికి తోడు జ్వరం కూడా వస్తే ఏం చేయాలి

నడుము నొప్పీ జ్వరమూ రెండూ కలిసి వచ్చినప్పుడు మొట్టమొదట చేయాల్సిన పని, చేతిలోకి తీసుకున్న నొప్పి మాత్రని పక్కన పెట్టడం. పారాసెటమాల్ అయితే పర్లేదు, మిగతావి వద్దు. ఎందుకో కింద చెప్తాను.

నేను డాక్టర్ని కాదండి, కోనసీమలో ఒక చిన్న ల్యాబ్‌లో రక్తం, మూత్రం పరీక్షలు చేస్తుంటాను. సార్వా ఊడుపులు మొదలైన దగ్గర్నుంచి దీపావళి వెళ్లేదాకా, పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద కూర్చుని ఉండే వాళ్లలో చాలామంది చెప్పేది ఒకటే, "జొరమండి, నడుం విరిగిపోతోందండి" అని. వాళ్లలో ఎక్కువమందిది వారం రోజుల్లో దానంతటదే తగ్గిపోయే వైరల్ జ్వరమే. కాకపోతే అదే వరసలో కూర్చున్న ఒకరిద్దరికి కిడ్నీకి ఇన్ఫెక్షన్ పాకి ఉంటుంది, ఎప్పుడో ఒకసారి ఒకరికి వెన్నుపూసలోనే చీము పట్టి ఉంటుంది, మొహాలు చూస్తే తేడా తెలీదు. ఆ తేడా ఇంట్లో కూర్చుని ఎంతవరకు పట్టుకోవచ్చో, ఎక్కడ మన తెలివితేటలు ఆపేసి ఆసుపత్రికి పోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఒక్క ముక్క బుర్రలో పెట్టుకోండి. ఉత్త నడుము నొప్పికి జ్వరం రాదు. రోజంతా వంగి ఊడ్చినా, ధాన్యం బస్తాలు ఎత్తినా, వెయ్యి కొబ్బరికాయలు కూర్చుని ఒలిచినా, గోతుల రోడ్డు మీద బండి నడిపినా నడుము పట్టేస్తుంది, మర్నాటికి లేవలేకపోతాం, అంతే తప్ప ఒళ్లు కాలదు. ఒళ్లు కాలుతోందంటే నొప్పికి కారణం కండరం కాదు, ఇంకేదో. "నిన్న బస్తా ఎత్తాను కదా, అందుకే" అని సర్దిచెప్పుకోవడం దగ్గరే సగం గొడవలు మొదలవుతాయి.

మొదటి పని: థర్మామీటర్ పెట్టండి

చెయ్యి పెట్టి చూసి "కాలిపోతోంది" అంటే డాక్టర్‌కి ఏమీ తెలీదు. డిజిటల్ థర్మామీటర్ మందుల షాపులో దొరుకుతుంది, పెద్ద ఖరీదేం కాదు, ఇంట్లో ఒకటి ఉండాలి. 100.4 డిగ్రీలు దాటితే జ్వరం కింద లెక్క. చంకలో పెడితే నాలుక కింద కంటే కాస్త తక్కువ చూపిస్తుంది, వేడి టీ తాగిన వెంటనే నోట్లో పెడితే లేని జ్వరం చూపిస్తుంది, కాబట్టి పావుగంటన్నా ఆగి పెట్టండి. మాత్ర వేసుకోకముందు ఎంత ఉంది, ఏ టైముకి, అన్నది ఏదో ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. క్యాలెండర్ మీద పాల లెక్క పక్కన రాసినా పర్లేదు.

ఇక్కడ తేడా చూడాల్సింది జ్వరం ఎలా వస్తోందన్నది. దుప్పటి మీద దుప్పటి కప్పినా పళ్లు టకటకలాడేంత వణుకుతో, ఒక్కసారిగా 102, 103కి ఎక్కే జ్వరం వేరు. రోజూ సాయంత్రం అయ్యేసరికి 99, 100 దగ్గర సన్నగా వచ్చి, రాత్రి చెమట పట్టి, పొద్దున్నకి ఏమీ లేనట్టుండే లోజ్వరం వేరు. మొదటిదానికి అందరం భయపడతాం. రెండోదాన్ని ఎవరూ పట్టించుకోరు, వారాల తరబడి అలాగే తిరుగుతారు, నా భయమంతా దానితోనే.

రెండో పని: నొప్పి ఎక్కడో ఒక్క వేలితో చూపించమనండి

"నడుం" అంటే ఒక్కొక్కళ్లు ఒక్కో చోటు చూపిస్తారు. అరచేత్తో నడుమంతా రాసి చూపించారంటే, దానికి తోడు కాళ్లూ చేతులూ మెడా అన్నీ లాగేస్తున్నాయంటే, వైరల్ జ్వరమో డెంగ్యూనో అయ్యే అవకాశం ఎక్కువ. ఒక పక్కన, ఆఖరి పక్కటెముక కింద, డొక్క వెనకాల వేలు పెట్టారంటే కిడ్నీ వైపు చూడాలి. కిడ్నీలు మనం అనుకునే నడుము కంటే కాస్త పైనే ఉంటాయి, చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి ఉండే చోటు కాదు. సరిగ్గా మధ్యలో, వెన్నుపూస మీదే వేలు పెట్టి "ఇదిగో ఈ ఎముక దగ్గరే" అన్నారంటే మాత్రం తేలిగ్గా తీసుకోకండి.

తర్వాత పడుకోబెట్టి చూడండి. కండరం నొప్పి అయితే కదలకుండా పడుకుంటే కాస్త సుఖంగా ఉంటుంది. కిడ్నీ నొప్పికి ఏ పక్కకి తిరిగినా తేడా ఉండదు. వెన్నుపూసలో ఇన్ఫెక్షన్ ఉంటే పడుకున్నా తగ్గదు, పైగా రాత్రిళ్లు ఎక్కువై నిద్రలోంచి లేపేస్తుంది, ఆ ఎముక మీద వేలితో మెల్లిగా తట్టినా ఉలిక్కిపడతారు. మెల్లిగా అన్నాను, పిడికిలి పెట్టి గుద్దకండి.

తుంటి కూడా ఓసారి తడిమి చూడండి. పది పదిహేను రోజుల కింద సూది చేయించుకున్న చోట గట్టిగా గడ్డ కట్టి, ఎర్రగా, వేడిగా ఉందంటే లోపల చీము చేరిందేమో చూపించుకోవాలి. నడుము నొప్పి అని వచ్చి చివరికి సూది గడ్డగా తేలినవాళ్లని నేను చూశాను. కాలు పొట్ట మీదకి ముడుచుకుంటే హాయిగా ఉండి, చాపితే గజ్జల్లోంచి నడుము దాకా ప్రాణం పోయినట్టుంటే, వెన్ను పక్కనుండే లోపలి కండరంలో చీము అయి ఉండొచ్చు, ఇదీ ఇంట్లో తేలే విషయం కాదు.

మూడో పని: మూత్రం సంగతి సిగ్గు లేకుండా అడగండి

మన వైపు అసలు చిక్కంతా ఇక్కడే. ఒంటికి వెళ్లేటప్పుడు మంటగా ఉందంటే "వేడి చేసింది" అంటాం. ఆ ఒక్క మాటతో అందరికీ రోగం అర్థమైపోతుంది, మందు కూడా తెలిసిపోతుంది. సబ్జా నీళ్లు, బార్లీ, మజ్జిగ, రెండు కొబ్బరి బొండాలు. నీళ్లు తాగడం మంచిదే, నేను కాదనను, కానీ దానికి జ్వరం తోడైందంటే అది వేడి చేయడం కాదు, సూక్ష్మజీవులు మూత్రాశయం నుంచి పైకి పాకి కిడ్నీలకి చేరాయని అనుమానించాలి. ఎక్కువసార్లు దీనికి కారణం మన పేగుల్లోనే ఉండే ఈ.కోలి అనే బ్యాక్టీరియా.

మా ఇంట్లోనే జరిగింది చెప్తాను. మా అమ్మకి ఎనిమిదేళ్లుగా షుగర్. ఒక శ్రావణ మాసంలో మూడు రోజులు మంట అంటూ బార్లీ తాగింది. నాలుగో రోజుకి కుడి డొక్క పట్టేసింది. పక్కింటి పిల్ల ఎదురుకాళ్లతో పుట్టిందని పిలిచి నడుము తొక్కించుకుంది. సాయంత్రానికి జ్వరం వస్తే ఊళ్లో ఆర్‌ఎంపీ గారు నొప్పి సూది ఒకటి, జ్వరం సూది ఒకటి చేశారు, ఆరు గంటలు హాయిగా నిద్రపోయింది. నాకు ఫోన్ చేస్తే, రోజుకి పాతిక మూత్రం సీసాలు పరీక్ష చేసే నేను, "తగ్గిందిగా, రేపు చూద్దాంలే" అన్నాను. అర్ధరాత్రి మంచం కదిలేంత వణుకు. తెల్లారేసరికి నన్ను చూసి "ఎవరు బాబూ" అంది. ఆసుపత్రిలో చేర్చాక మూత్రంలో చీము కణాలు లెక్కపెట్టలేనన్ని ఉన్నాయి, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ పెరిగిపోయింది. ఐదు రోజులు సెలైన్‌లో యాంటీబయాటిక్ ఎక్కించాక గానీ మనిషి మామూలు కాలేదు. ఆ సూది రోగాన్ని తగ్గించలేదు, రోగం కనపడకుండా ఆరు గంటలు తెర కట్టింది అంతే.

అందుకని ఇవన్నీ అడగండి. మంట ఉందా, ఊరికే ఊరికే వెళ్లాల్సి వస్తోందా, వెళ్లినా ఇంకా ఉన్నట్టే ఉందా, రంగు మారిందా, మడ్డిగా ఉందా, వాసన వస్తోందా, రక్తం పడుతోందా. పెద్దవాళ్లలో మంట లేకుండా కూడా కిడ్నీ ఇన్ఫెక్షన్ రావచ్చు, ఉన్నట్టుండి మాటలు తడబడడం, అన్నం మానేయడం, లేచి నిలబడలేకపోవడం ఇవే గుర్తులు అవుతాయి. మగవాళ్లలో జ్వరంతో పాటు మూత్రం సన్నధారగా, ఆగి ఆగి వస్తూ, నడుము కిందా కూర్చునే చోటా నొప్పిగా ఉంటే ప్రోస్టేట్ గ్రంథికి ఇన్ఫెక్షన్ అయి ఉండొచ్చు. ఆడవాళ్లలో పొత్తి కడుపు నొప్పి, వాసనతో తెల్లబట్ట ఉంటే గర్భాశయం వైపు చూడాలి, అది గైనకాలజిస్టు పని. కడుపుతో ఉన్నవాళ్లకి నడుము నొప్పి మామూలే కదా అనేవాళ్లుంటారు, జ్వరం తోడైతే మామూలు కాదు, ఆ రోజే వెళ్లాలి.

నాలుగో పని: గడిచిన నెల రోజులూ వెనక్కి తిప్పుకోండి

డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పాల్సిన సంగతులివి. కాకినాడలోనో రాజమండ్రిలోనో కూర్చున్న డాక్టర్‌కి మీరు చేలో దిగారో, ఈనే గేదెకి సాయం పట్టారో ఎలా తెలుస్తుంది?

మోకాలి లోతు నీళ్లలో ఊడుపులు ఊడ్చారా, బోదెలో గుర్రపుడెక్క లాగారా, వరద నీళ్లలో నడిచారా, కాలికి అప్పటికే పగుళ్లో గాయమో ఉందా? ఎలుకల మూత్రం కలిసిన నీళ్ల ద్వారా ఆ గాయాల్లోంచి లెప్టోస్పైరోసిస్ వస్తుంది, మనం ఎలుక జ్వరం అంటాం. నీళ్లలో దిగిన వారం, రెండు వారాలకి సాధారణంగా బయటపడుతుంది, నెల దాకా కూడా పట్టొచ్చు. ఉన్నట్టుండి జ్వరం, నడుము నొప్పి, అన్నిటికంటే ముఖ్యంగా పిక్కలు ముట్టుకోనివ్వనంత నొప్పి, కళ్లు ఎర్రబడడం. పుసి కట్టవు, ఉత్తినే ఎర్రగా ఉంటాయి. పచ్చకామెర్లు వచ్చినా, మూత్రం తగ్గిపోయినా అది లివరూ కిడ్నీలూ దెబ్బతింటున్న గుర్తు. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ లాంటి మామూలు మందులకే లొంగుతుంది.

గడ్డి కోశారా, పొదల్లో, గట్ల మీద తిరిగారా? అయితే ఒళ్లంతా వెతకండి, చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, మొలతాడు కట్టుకునే చోటు. సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పొక్కు ఉంటే స్క్రబ్ టైఫస్ అనుకోవాలి. చిన్న నల్లి లాంటి పురుగు కుట్టడం వల్ల వస్తుంది. ఆ మచ్చ నొప్పి పెట్టదు, దురద పెట్టదు, అందుకే మనిషికే తెలీదు. అందరికీ మచ్చ ఉండాలనీ లేదు. ఒకసారి ఒక పెద్దాయన నాలుగు రకాల పరీక్షలు చేయించుకుని ఏమీ తేలక తిరుగుతుంటే, రక్తం తీస్తున్నప్పుడు చొక్కా పైకెత్తితే మొలతాడు కింద కనపడింది ఆ మచ్చ, నేను చూడమని చెప్తే డాక్టర్ గారు వెంటనే మందు మార్చారు.

పగలు కుట్టే దోమల సంగతి చెప్పక్కర్లేదు. మన పెరట్లో ఎన్ని కొబ్బరి చిప్పలు, కొబ్బరి డొక్కలు వర్షం నీళ్లు పట్టుకుని ఉంటాయో లెక్కేసుకుంటే డెంగ్యూ ఎక్కడినుంచి వస్తోందో తెలుస్తుంది. కళ్ల వెనకాల నొప్పి, ఎముకలు విరిచేసినట్టు నడుమూ కీళ్లూ నొప్పులు, మూడు నాలుగు రోజులకి ఒంటి మీద ఎర్రటి దద్దు. దీంట్లో మోసం ఏంటంటే జ్వరం తగ్గే రోజుల్లోనే ప్రమాదం ఎక్కువ. జ్వరం దిగిపోయి, కడుపు నొప్పి, ఆగని వాంతులు, చేతులూ కాళ్లూ చల్లబడడం, చిగుళ్లలోంచి రక్తం, ఇలాంటివి కనపడితే "జ్వరం తగ్గిందిగా" అని ఇంట్లో ఉండకండి.

గేదెలున్నాయా? పచ్చి పాలు తాగే అలవాటుందా? గేదె ఈడ్చుకుపోతే, అంటే నెలలు నిండకుండానే దూడ పడిపోతే, చేతులకి ఏమీ తొడుక్కోకుండా దూడనీ మాయనీ తీశారా? బ్రూసెల్లోసిస్ అని ఒకటుంది, పశువుల నుంచి మనుషులకి వచ్చేది, మన దగ్గర దాని పేరు తెలిసినవాళ్లు తక్కువ. వారాల తరబడి వస్తూ పోతూ ఉండే జ్వరం, విపరీతమైన చెమటలు, నడుము కిందా తుంటి కీళ్లలోనూ నొప్పి. టైఫాయిడ్ మందు ఒక కోర్సు, ఇంకో కోర్సు వాడుతూనే ఉంటారు, తగ్గదు. దీనికి రెండు మూడు రకాల మందులు కలిపి కనీసం ఆరు వారాలు వాడాలి. పశువుల సంగతి ల్యాబ్‌లో కూడా చెప్పండి దయచేసి, ఆ సూక్ష్మజీవిని ల్యాబ్‌లో పెంచేటప్పుడు జాగ్రత్త లేకపోతే మాకే అంటుకుంటుంది. పెయ్య దూడలకి 4 నుంచి 8 నెలల వయసులో ప్రభుత్వం ఉచితంగా టీకా వేస్తుంది, పశువుల ఆసుపత్రిలో అడగండి.

ఇంక ఆ లోజ్వరం సంగతి. నెలా రెండు నెలల నుంచి నడుము మధ్యలో నొప్పి, సాయంత్రం జ్వరం, ఆకలి లేకపోవడం, చొక్కా వదులైపోవడం, రాత్రి చెమటలు, ఇవి కలిశాయంటే వెన్నుపూస టీబీ ఉందేమో చూపించుకోవాలి. దగ్గు ఉండాలని లేదు, ఊపిరితిత్తులు బాగానే ఉన్నా వెన్నులో రావచ్చు. టీబీ అనగానే పెళ్లి సంబంధాలు పోతాయని దాచేస్తారు, దాచి నడుం బెల్టు కట్టుకుని తిరుగుతారు, ఈలోగా పూస అరిగి కూలిపోయి గూని తేలడమో, కాళ్లు పడిపోవడమో జరుగుతుంది. మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం, నిక్షయ్ పోషణ్ యోజన కింద తిండికి నెలకి 1,000 రూపాయలు బ్యాంకులో వేస్తారు, 2024 నవంబరుకి ముందు అది 500 ఉండేది. వెన్ను టీబీకి సాధారణ ఆరు నెలల కోర్సు చాలదు, ఏడాదీ ఏడాదిన్నర దాకా వాడమంటారు, నొప్పి మూడో నెలకే తగ్గినా ఆపకూడదు.

ఇంట్లో ఆగకూడని సమయం

ఇక్కడ ఆలోచించడానికేం లేదు. కాళ్లు బలం తప్పుతున్నా, తిమ్మిరెక్కినా, మూత్రం రాకుండా బిగిసిపోయినా, తెలియకుండా మూత్రమో విరేచనమో అయిపోతున్నా, కూర్చునే చోట స్పర్శ తెలియకపోయినా, వెన్నుపాము పక్కన చీము నొక్కుతోందేమో అని అనుమానించాలి. దీంట్లో రోజులు కాదు, గంటలు లెక్క. ఒకసారి పూర్తిగా పడిపోయిన కాళ్లు తర్వాత ఆపరేషన్ చేసినా మళ్లీ లేస్తాయన్న నమ్మకం లేదు. 108కి ఫోన్ చేసి ఎమ్మారై స్కాన్ ఉన్న పెద్దాసుపత్రికే పోండి, దారిలో రెండు చోట్ల ఆగి సెలైన్లు పెట్టించుకోకండి.

మనిషి మాటలు తడబడుతున్నా, ఆయాసపడుతున్నా, బీపీ పడిపోయి చేతులు చల్లబడుతున్నా, రోజంతా మూత్రం రాకపోయినా, ఏం తాగినా వాంతి అయిపోతున్నా అంతే. కిడ్నీలో రాయి ఉన్నట్టు ముందే తెలిసి, ఇప్పుడు అదే పక్క నొప్పితో పాటు చలి జ్వరం వచ్చిందంటే, రాయి అడ్డుపడి వెనకాల చీము ఆగిపోయి ఉండొచ్చు. ఉత్త మందులతో తగ్గదు, ఆ అడ్డు తీసేదాకా జ్వరం దిగదు.

షుగర్ ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు, డయాలసిస్ చేయించుకునేవాళ్లు, స్టెరాయిడ్లు, క్యాన్సర్ మందులు వాడేవాళ్లు, ఈమధ్య వెన్ను ఆపరేషనో, మూత్రం గొట్టమో వేయించుకున్నవాళ్లు, బాలింతలు, వీళ్లెవరికీ "రెండు రోజులు చూద్దాం" అన్న వెసులుబాటు లేదు. చిన్న పిల్లలకి మామూలుగా నడుము నొప్పి రాదు, వాళ్లు నడుం అంటూ జ్వరంతో ఉంటే ఆ రోజే చూపించండి.

గోదావరి మధ్యలో ఉండే లంక గ్రామాల వాళ్లకి విడిగా ఒక మాట. జులై, ఆగస్టుల్లో ఇంట్లో ఇలాంటి మనిషి ఉంటే ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం కూడా చూసుకోండి. బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఎగువన భద్రాచలం దగ్గర గోదావరి పెరుగుతోందని తెలిసిన రోజే, కాజ్‌వే మునగకముందే రేవు దాటించి చుట్టాలింట్లో పెట్టుకోండి. అర్ధరాత్రి వరద నీళ్లలో పడవ కోసం కేకలు వేయడం కంటే ఒకరోజు ముందు అనవసరంగా బయల్దేరడమే నయం.

ఇంట్లో చేయగలిగింది

పైన చెప్పిన ప్రమాదం గుర్తులేమీ లేవు, వయసులో ఉన్న ఆరోగ్యవంతుడు, ఒళ్లంతా నొప్పులు, జ్వరం వచ్చి ఒక్క రోజే అయింది, అప్పుడు ఇంట్లో ఉండి చూడొచ్చు. పారాసెటమాల్ 650 ఒకటి, ఆరు గంటలకొకటి, పెద్దవాళ్లకి. రోజుకి నాలుగు దాటకండి. జలుబు మాత్రల్లో కూడా పారాసెటమాలే ఉంటుంది, రెండూ కలిపి మింగితే లివర్‌కి దెబ్బ. లివర్ జబ్బున్నవాళ్లు, రోజూ మద్యం తాగేవాళ్లు డాక్టర్‌ని అడిగే వేసుకోవాలి.

డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫేన్, యాస్పిరిన్, ఇవి మాత్రమైనా సూదైనా వద్దు. డెంగ్యూ అయితే రక్తస్రావం పెంచుతాయి, కిడ్నీ ఇన్ఫెక్షన్ అయినా ఎలుక జ్వరం అయినా అప్పటికే ఇబ్బందిలో ఉన్న కిడ్నీలని ఇంకా దెబ్బతీస్తాయి. షాపులో "నొప్పికీ జ్వరానికీ రెండిటికీ కలిపి ఒకటే" అని ఇచ్చే మాత్రల్లో వీటిలో ఒకటి ఉండే అవకాశం ఎక్కువ, అట్ట వెనక్కి తిప్పి చదవండి. గుండెకి డాక్టర్ రాసిచ్చిన యాస్పిరిన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపకుండా అడగండి.

నీళ్లు, గంజి, మజ్జిగ, ఓఆర్ఎస్ ప్యాకెట్ ఒకటి లీటరు నీళ్లలో. మూత్రం లేత రంగులో వచ్చేలా తాగితే చాలు. కొబ్బరి నీళ్లు మంచివే, మనకి కొదవా లేదు, కానీ కిడ్నీలు పాడైనవాళ్లకి అందులో ఉండే పొటాషియం గుండెకే ప్రమాదం తెస్తుంది. తిండి మానేసి షుగర్ మాత్రలు మాత్రం టైముకి మింగేవాళ్లున్నారు, ఆ రోజుల్లో ఏవి వేసుకోవాలో ఏవి ఆపాలో ఫోన్ చేసైనా కనుక్కోండి.

కాపడం పెట్టుకోవచ్చు, మరీ వేడి కాకుండా, షుగర్ వల్ల స్పర్శ తగ్గినవాళ్లకి వద్దు, చర్మం కాలినా తెలీదు. మర్దన, తొక్కించుకోవడం, నాటు వైద్యుడి దగ్గర పూసలు విరిపించుకోవడం, జ్వరం ఉన్నంతకాలం ఇవేవీ చేయకండి. రెండో రోజు దాటినా జ్వరం దిగకపోతే, నొప్పి ఒకచోట కుదురుకుంటే, ఇంట్లో ఆగింది చాలు.

పరీక్షలు: ఇది నా పని కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను

యాంటీబయాటిక్ మొదటి మాత్ర నోట్లో పడకముందే మూత్రం ఇవ్వండి. రెండు రోజులు వాడేసి కల్చర్‌కి, అంటే సూక్ష్మజీవిని పెంచి చూసే పరీక్షకి వస్తే అది మొలవదు, ఏ మందుకి లొంగుతుందో చెప్పలేం. మనిషి పరిస్థితి బాగోకపోతే మాత్రం పరీక్ష కోసం మందు ఆపకూడదు.

ఇచ్చే పద్ధతి కూడా ఉంది. హార్లిక్స్ సీసా, మందు సీసా, కడిగిన పచ్చడి డబ్బా ఇవన్నీ తెస్తారు, వద్దండి, ల్యాబ్‌లో అడిగితే స్టెరైల్ డబ్బా ఇస్తాం. చేతులు కడుక్కుని, ఆ చోటు ఉత్త నీళ్లతో శుభ్రం చేసుకుని, ఆడవాళ్లు ముందు నుంచి వెనక్కి, మొదట వచ్చే కాస్త మూత్రం వదిలేసి, మధ్యలోది పట్టి, చివరిది మళ్లీ వదిలేయాలి. మూత లోపల వేలు పెట్టకూడదు. రెండు గంటల్లోపు ల్యాబ్‌కి చేరాలి, లేకపోతే ఫ్రిజ్‌లో పెట్టాలి. పొద్దున్న ఆరింటికి పట్టి, సంచిలో వేసి, బ్యాంకు పని, రైతు సేవా కేంద్రం పని చూసుకుని మధ్యాహ్నం తెచ్చి ఇస్తే, దారిలో పుట్టిన సూక్ష్మజీవులే కనపడతాయి మాకు. కల్చర్ రిపోర్టుకి రెండు మూడు రోజులు పడుతుంది, మామూలు మూత్ర పరీక్ష అయితే గంటలో చెప్పేస్తాం.

రక్తంలో సీబీసీ (రక్త కణాల లెక్క), క్రియాటినిన్, షుగర్ ఎలాగూ రాస్తారు. తెల్ల కణాలు బాగా పెరిగితే బ్యాక్టీరియా వైపు, తెల్ల కణాలూ ప్లేట్‌లెట్లూ రెండూ తగ్గుతుంటే డెంగ్యూ వైపు మొగ్గు, అంతే, దాంతోనే తేల్చేయలేం. డెంగ్యూకి మొదటి ఐదు రోజుల్లో ఎన్ఎస్1 అనే పరీక్ష, తర్వాత ఐజీఎం అనే పరీక్ష. వైడాల్ పరీక్ష మాత్రం అడిగి అడిగి చేయించుకోకండి. చేసి డబ్బులు తీసుకునేది నేనే అయినా చెప్తున్నాను, టైఫాయిడ్ లేనివాళ్లకి కూడా అది ఉన్నట్టు చూపిస్తుంది, దాని మీద ఆధారపడి పది రోజులు సూదులు పొడిపించుకున్నాక అసలు రోగం వేరే అని తేలినవాళ్లు చాలామంది. రక్తం కల్చర్ దానికంటే నమ్మకం. వెన్ను మీద అనుమానం ఉంటే, ఒంట్లో వాపూ ఇన్ఫెక్షనూ ఉన్నాయేమో సూచించే ఈఎస్ఆర్, సీఆర్పీ పరీక్షలు చూసి ఎమ్మారై రాస్తారు. ఎక్స్‌రే బాగుందని ధైర్యం పడకండి, వెన్ను ఇన్ఫెక్షన్ మొదటి వారాల్లో ఎక్స్‌రేకి దొరకదు.

మందు మొదలయ్యాక

కిడ్నీ ఇన్ఫెక్షన్ అయితే వాంతులు లేని మనిషికి మాత్రలే ఇస్తారు, వారం నుంచి రెండు వారాలు, లేకపోతే చేర్చుకుని సెలైన్‌లో ఇస్తారు. యాంటీబయాటిక్ పడిన మర్నాడే జ్వరం పోవాలని లేదు, రెండు మూడు రోజులు పట్టొచ్చు, ఆ కంగారులో ఆసుపత్రులు మార్చకండి. మూడు రోజులు దాటినా 101 తగ్గట్లేదంటే అప్పుడు డాక్టర్‌ని నిలదీయండి, కల్చర్ ఏమొచ్చింది, స్కాన్ తీద్దామా అని. ఇంతకు ముందు మూత్రం మంటకి రాసిన నైట్రోఫ్యురాంటోయిన్ ఇంట్లో మిగిలి ఉంటుంది చాలామందికి, అది మూత్రాశయం వరకే పనిచేస్తుంది, కిడ్నీకి పాకిన ఇన్ఫెక్షన్‌కి చాలదు.

వెన్నుపూస ఇన్ఫెక్షన్‌కి సాధారణంగా ఆరు వారాల యాంటీబయాటిక్, చీము నరాలని నొక్కుతుంటే ఆపరేషన్. పెద్ద ఖర్చు, కాబట్టి చేరేటప్పుడే ఎన్టీఆర్ వైద్య సేవలో, అదే మన పాత ఆరోగ్యశ్రీలో వస్తుందేమో అక్కడుండే ఆరోగ్యమిత్రని అడగండి.

జ్వరం పోయాక కూడా నడుము ఒకటి రెండు వారాలు కాస్త లాగుతూనే ఉంటుంది, నడక మెల్లిగా పెంచుకోండి, చేలో పనికీ బస్తాలకీ తొందరపడకండి. కోర్సు అయిపోయిన తర్వాత మళ్లీ జ్వరం తిరగబెడితే పాత చీటీ పట్టుకుని మందుల షాపుకి కాదు, పాత కల్చర్ రిపోర్టు పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మా అమ్మ ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బియ్యం డబ్బా మూత మీద పెట్టుకుంది. రెండేళ్ల తర్వాత మళ్లీ మంట వచ్చినప్పుడు, "వేడి చేసిందిరా" అంటూనే, ఆ కవరూ కడుక్కున్న చేతులతో పట్టిన డబ్బా రెండూ ఏడింటికల్లా తెచ్చి నా బల్ల మీద పెట్టింది.